కాలువలో ఈత క్లాసు

ఫిబ్రవరి 2

అక్కని హాస్పిటల్ నుంచి నేరుగా నా ఫ్లాట్‌కే తెచ్చాం. గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి. లిఫ్ట్ మెకానిక్ ఇంటికి లిఫ్టే అక్కర్లేదు, భలే ఉంది మామయ్యా అంది టపాకాయ. టపాకాయ అంటే అక్క కూతురు. హాస్పిటల్ ల్యాబ్‌లో షిఫ్టులు చేస్తుంది. దాని నాలుగో ఏట వాళ్ళ నాన్న పోయాడు. అప్పటి నుంచీ దానికి అమ్మా నాన్నా అక్కే.

ఆక్సిజన్ మెషిన్ వంటింటి గుమ్మం పక్కన పెట్టాం. గొట్టం పొడుగ్గా ఉంది, బాత్రూం దాకా వస్తుంది. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా గట్టిపడుతున్నాయి, స్పాంజి ఎండిపోయినట్టు, అన్నాడు డాక్టర్. ఈత కోచ్‌గా రిటైరైన మనిషికి ఈ జబ్బేమిటో. ఊపిరి ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు వదలాలో ఊళ్ళో సగం మందికి నేర్పింది అక్క.

మంచం వెనక గదిలో, కిటికీ పక్కన. కిటికీ అవతల గోడ. గోడ అవతల కాలువ.

ఫిబ్రవరి 5

కాలువలో ఎవరో ఈదుతున్నారంది అక్క.

అది మురుగు కాలువ, అందులో ఎవరు ఈదుతారు, పందికొక్కులై ఉంటాయన్నాను. పందికొక్కు నీళ్ళలో పడితే ఒడ్డు కోసం కొట్టుకుంటుందిరా, ఇది సరదాకి ఈదుతున్న చప్పుడు అంది. మందుల ప్రభావం అనుకున్నాను. పైకి అనలేదు కానీ నా మొహం చూసి కనిపెట్టేసింది. నాకు చెడింది ఊపిరి, బుర్ర కాదు అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా కొన్నాను. అడవుల్లో చెట్లకి కట్టే రకం. దాని ముందు ఒంట్లో వేడి ఉన్నదేదైనా కదిలితే దానంతటదే ఇరవై సెకన్ల వీడియో తీస్తుంది. మనిషి అడ్డొస్తే లిఫ్ట్ తలుపు వెనక్కి పోతుంది చూడండి, ఆ సెన్సార్‌కి ఇది దూరపు చుట్టం. అందుకే నాకు బాగా వచ్చనుకున్నాను.

గోడ దూకి, తుమ్మ మొదలుకి కట్టి వచ్చాను. వయసుకి తగని పని. మోకాలు గీసుకుంది.

ఫిబ్రవరి 10

కార్డు నిండిపోయింది. గడ్డి. గడ్డి. ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగుతోంది. మళ్ళీ గడ్డి. అన్నిటికన్నా మొదటి వీడియోలో కెమెరా కట్టి వెనక్కి తిరిగిన నా పిరుదులు, స్క్రీన్ నిండా.

అక్క నవ్వింది. నవ్వు దగ్గైంది, దగ్గు ఆగలేదు. టపాకాయ పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టింది. ఆయాసం తగ్గాక అక్క చెయ్యి ఊపి, ఇంకోసారి పెట్టమంది.

ఫిబ్రవరి 14

కెమెరాని మోకాలెత్తుకి దింపాను. ఎండ సూటిగా పడకుండా ఉత్తరం వైపు తిప్పాను. సెన్సార్ సున్నితం తగ్గించాను. ముందున్న గడ్డి కోసేశాను. ఒక కుక్క వచ్చింది. రెండు బాతులు. అవతలి ఒడ్డున పంప్‌హౌస్ నడిపే పెద్దాయన బీడీ కాల్చుకుంటూ వచ్చి, కెమెరాలోకి తొంగిచూసి, దండం పెట్టి వెళ్ళాడు. టపాకాయ ఆయనకి పంపు బాబాయ్ అని పేరు పెట్టింది.

ఫిబ్రవరి 19

అక్క చెప్పిందే నిజం.

ఫిబ్రవరి 20

నిన్న ఒక్క ముక్కకి మించి రాయలేకపోయాను. నాలుగున్నాయి. ఒక పెద్దది, మూడు పిల్లలు. పిల్లి కన్నా పొడుగు, పొట్టి కాళ్ళు, మందపాటి తోక, మీసాలు. తల్లి నీళ్ళలోంచి పైకొచ్చి ఒళ్ళు విదిలిస్తే తుంపర్లు లెన్స్ మీద పడ్డాయి.

ఏమిటివి అని అడుగుతూ టపాకాయ నెట్‌లో పెట్టింది. పది నిమిషాల్లో ఎవరో చెప్పారు, నీటికుక్కలని. ఊళ్ళ మధ్య కనిపించడం అపురూపమట. మా గోడ వెనక, ప్లాస్టిక్ సంచుల మధ్య, నీటికుక్కలు.

అక్క ఆ వీడియోని ఎన్నిసార్లు చూసిందో. ఆఖరికి, తల్లి కిక్ బాగుంది, పిల్లలకి ఇంకా ప్రాక్టీస్ కావాలి అంది.

ఫిబ్రవరి 24

పేర్లు పెట్టింది. తల్లి కోచ్. పిల్లలు ఫస్ట్ లేన్, సెకండ్ లేన్, థర్డ్ లేన్. థర్డ్ లేన్‌కి నీళ్ళంటే భయం. తల్లి మెడ పట్టి లాక్కెళుతుంది, వదలగానే వెనక్కి ఉరుకుతుంది. ప్రతి బ్యాచ్‌లో ఇలాంటిదొకటి ఉంటుందిరా, చివరికి కప్పు తెచ్చేది అదే అంది అక్క.

నేను పొద్దున్నే గోడ దూకి కార్డు తెస్తాను. పనికి వెళ్ళే ముందు అక్క పక్కన కూర్చుని ఇద్దరం చూస్తాం. అక్క ఊరుకోదు. తల దించు, భుజం వదులు, తొందరపడకు అంటూ క్లాసు చెబుతూనే ఉంటుంది. ఇవాళ టపాకాయ ఫోన్‌లో ఆ మాటలు రికార్డ్ చేసి, వీడియోకి అతికించి పెట్టింది. ఛానల్ పేరు కాలువ క్లాసు.

మార్చి 4

థర్డ్ లేన్ ఈదింది! తల్లి లాగలేదు, తోయలేదు. ఒడ్డున కూర్చుని చాలాసేపు ఆలోచించి, తనే దిగింది. వెనక కుడికాలు వంకరగా కొడుతోంది. అయినా ఈదింది.

అక్క ఏడ్చింది. వీడియోలో ఆ ఏడుపూ ఉంది. వద్దు తీసెయ్యమంది, టపాకాయ వినలేదు. సాయంత్రానికి వేలమంది చూశారు. ఒకావిడ, మేడమ్ ఇది మీ గొంతేనా, పదేళ్ళ వయసులో నన్ను నీళ్ళలోకి తోసింది మీరే, అని రాసింది. నేనెవరినీ తొయ్యలేదు, కాలు జారి ఉంటుంది, అని రాయమంది అక్క. రాశాను.

భోజనం కూడా కొంచెం ఎక్కువ తింది.

మార్చి 11

స్కాన్. డాక్టర్ నన్ను పక్కకి పిలిచాడు. ఆయన నోరు తెరవకముందే తెలిసిపోయింది. ఇంటికొచ్చాక అక్క ఏమన్నాడని అడగలేదు. రేపు కార్డు పొద్దున్నే తీసుకురా అంది.

మార్చి 16

ఎక్కడ, ఎక్కడ, ఎక్కడ అని కామెంట్లు. మేం చెప్పలేదు. కానీ నిన్నటి వీడియోలో పంప్‌హౌస్ నీలం గొట్టం ఒక మూల కనిపిస్తోందని టపాకాయ ఇవాళ చూసింది. తీసేద్దామా అంది. ఈపాటికి అందరూ చూసేశారు, ఊళ్ళో ఎన్ని గొట్టాలు లేవు, ఎవరు పోల్చుకుంటారు అన్నాను.

నేనే అన్నాను.

మార్చి 21

కార్డులో ఏమీ లేదు. బ్యాటరీ చూశాను, బాగానే ఉంది.

మార్చి 22

తెల్లవారుతూనే కంప్లయింట్ వస్తే కార్డు తేకుండానే పనికి వెళ్ళాను. లిఫ్ట్ షాఫ్ట్‌లో ఉండగా పంపు బాబాయ్ ఫోన్. ఒకసారి రా బాబూ అన్నాడు, అంతే. వెంటనే వెళ్ళాను.

గోనెసంచి కప్పి ఉంచాడు. కోచ్. ఫస్ట్ లేన్. సెకండ్ లేన్. నోళ్ళ దగ్గర నురగ. ఇంకా తడిగా ఉన్న మీసాలు. వీడియోలో అంత పెద్దగా కనిపించినవి చేతుల్లోకి తీసుకుంటే ఇంతే ఉన్నాయి. థర్డ్ లేన్ ఎంత వెతికినా దొరకలేదు. ఇద్దరం పంప్‌హౌస్ వెనక గొయ్యి తీశాం. ఆయన మట్టి కప్పుతూ, మనిషి పాదం పడితే చాలు బాబూ, ఏదీ బతకదు అన్నాడు.

కొత్త కార్డు వేసి, పాతది ఆ గట్టు మీదే కూర్చుని ఫోన్‌లో పెట్టి చూశాను. పొద్దున పంపు బాబాయ్ నడిచొచ్చిన వీడియోకి ముందు మూడు వీడియోలు. రబ్బరు బూట్లు, ఎర్ర బకెట్ ఉన్న మనిషి. బకెట్‌లోంచి చేపలు తీసి రాళ్ళ మీద వరసగా పేర్చాడు, అతిథులకి వడ్డించినంత శ్రద్ధగా. మొహం స్పష్టంగా ఉంది. తరువాత దాంట్లో కోచ్ వాసన చూసింది. ఒక చేపని నోట కరిచి పిల్లల ముందు పెట్టింది. తను తినకుండా ముందు వాటికి పెట్టింది.

మూడో వీడియో గురించి రాయను.

అదే రోజు, సాయంత్రం

ఇవాళ క్లాసు లేదా అంది అక్క. కార్డు ఎర్రర్ చూపిస్తోందన్నాను.

మార్చి 24

రెండు రోజులు ఎర్రర్‌తో నడిచింది. నిన్న అక్క ఏమీ తినలేదు. మెషిన్ మీద నంబర్ పెంచాల్సి వచ్చింది.

ఇవాళ పాత కార్డుల్లోంచి ఇంతవరకు అక్క చూడనివి, ఛానల్‌లో పెట్టనివి ఏరాను. ప్రతి వీడియో కింద ఒక నల్లపట్టీ ఉంటుంది. తేదీ, టైము, ఎంత వేడి, చంద్రుడు ఎంత ఉన్నాడు, అన్నీ అందులో పడతాయి. ఆ పట్టీ కత్తిరించేశాను. అక్కకి చూపించాను. తల దించు, తొందరపడకు అంది. మెషిన్ హుమ్మంటోంది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

టపాకాయకి నిజం చెప్పాను. వంటింట్లో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మకి అబద్ధం చెప్పొచ్చు మామయ్యా, చూసేవాళ్ళకి ఎందుకు అంది. అక్క రోజూ కామెంట్లు చదివించుకుంటుంది కదా, ఛానల్‌లో లేకపోతే కనిపెట్టేస్తుంది అన్నాను. అప్‌లోడ్ చేసింది. నా మొహం చూడకుండా షిఫ్టుకి వెళ్ళిపోయింది.

మార్చి 29

ఆ మనిషిని కనుక్కోవడం కష్టం కాలేదు. పంపు బాబాయ్‌కి తెలుసు. కాలువ దిగువన చేపల చెరువు ఉంది ఆ మనిషికి.

కొడదామనే వెళ్ళాను. నా వయసుంటుంది. కుర్చీ వేశాడు. మీరేనా కాలువ క్లాసు వాళ్ళు, మా ఇంట్లో అందరం చూస్తామండీ, అమ్మగారి గొంతు మా ఆవిడకి చాలా ఇష్టం అన్నాడు. రెండేళ్ళుగా చెరువు ఖాళీ అవుతుంటే దొంగలనుకుని కాపలా కాశాడట. నీటికుక్కలని తెలిశాక కూడా అవి ఎటు నుంచి వస్తున్నాయో, ఏ వేళకి వస్తున్నాయో అంతుపట్టలేదట. మీ వీడియో చూశాకే తెలిసిందండీ అన్నాడు. వెటకారం కాదు. పొలంలో కలుపు ఎలా పోయిందో చెప్పినట్టు చెప్పాడు.

పిల్లలున్నాయి కదా అన్నాను. నాకూ ఉన్నారు కదండీ అన్నాడు.

తిరిగి వచ్చేశాను. వీడియో ఉంది, ఆయన మొహం ఉంది. ఒక్క బటన్ నొక్కితే చాలు.

ఏప్రిల్ 3

ఒకడు రాశాడు. కింద నల్లపట్టీ ఏమైంది? పోయిన వారం వాన పడింది కదా, కాలువలో నీళ్ళు పెరగలేదేం? ఇవి పాతవి. ఫేక్.

ఆ తరువాత గుంపు దిగింది. జబ్బుమనిషి గొంతు అడ్డం పెట్టుకుని లైకులు అడుక్కుంటున్నారన్నారు ఎవరో. టపాకాయ కామెంట్లు ఆపేసింది.

ఏప్రిల్ 4

అక్క కామెంట్లు చదవమంది. ఖాళీ స్క్రీన్ చూస్తూ సొంతంగా అల్లి చదివాను. మేడమ్, మా పాప మీ మాటలు విని బకెట్‌లో తల ముంచి ప్రాక్టీస్ చేస్తోంది. మేడమ్, మీరు త్వరగా కోలుకోవాలి. మేడమ్, మాకు ఈత రాదు కానీ మీ క్లాసు వదలం.

ఆ బకెట్‌ది మళ్ళీ చదువు అంది అక్క. ఏమని చదివానో సగం మర్చిపోయాను. పాప కాస్తా బాబు అయిపోయాడు. గుమ్మంలో టపాకాయ నిలబడి ఉంది. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. అది లోపలికొచ్చి, నా పక్కన కూర్చుని, ఇంకోటి ఉందమ్మా అంటూ తనే అల్లి చదివింది.

ఏప్రిల్ 7

కాలివేళ్ళు నీలమెక్కాయి. హాస్పిటల్‌కి రానంది.

ఏప్రిల్ 9

పొద్దున ఫోన్ తెచ్చి పక్కన కూర్చున్నాను. అక్క స్క్రీన్ మీద చెయ్యి పెట్టి మూసేసింది.

ఎప్పుడు పోయాయిరా అంది.

ఏవి అన్నాను. థర్డ్ లేన్ రోజూ ఒకే తప్పు చేస్తోంది అంది. కుడికాలు వంకర. రెండు వారాలైనా అదే వంకర. కోచ్ పక్కనే ఉండి, రోజూ నీళ్ళలోకి దిగే పిల్ల అంతకాలం దిద్దుకోకుండా ఉంటుందా? నేనంత దద్దమ్మలా కనిపిస్తున్నానా నీకు? ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ అంది.

అంతా చెప్పాను. చేపలు, బకెట్, చెరువాయన. కోచ్ ముందు పిల్లలకి పెట్టిందన్నది కూడా చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. అక్క ఆ మనిషిని తిట్టింది. ఆ మాటలు అక్క నోట నేనెప్పుడూ వినలేదు. మాస్కు పెట్టాల్సి వచ్చింది.

మాస్కు తీశాక అడిగాను, తెలిసి కూడా ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావని. నువ్వు రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నావు కదా అంది. పుట్టాక నీ నోట ఇన్ని మాటలు ఎప్పుడు విన్నాను. ఆ బకెట్ పాప బాగుంది.

ఏప్రిల్ 10

ఆయన మొహం నెట్‌లో పెడతానన్నాను. నన్ను ఫేక్ అన్నవాళ్ళు చూడాలి, ఊరంతా చూడాలి.

నీ వీడియో చూసి ఒక్కడే వచ్చాడు, ఏమైందో చూశావు, ఇది చూసి ఆయన ఇంటికి ఎంతమంది వెళతారు అంది అక్క. వెళ్ళనీ అన్నాను. ఆయన పిల్లలు తలుపు తీస్తారు అంది.

చాలాసేపు వాదించాను. గొంతు పెంచాను కూడా, ఆ స్థితిలో ఉన్న మనిషి మీద. మధ్యాహ్నం పని మానేసి అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళి కార్డు ఇచ్చి, కంప్లయింట్ రాసిచ్చాను. అక్కడి ఆఫీసర్ మూడో వీడియో సగంలో ఆపేశాడు. కేసు కడతామన్నాడు.

ఏప్రిల్ 12

అక్క చివరి క్లాసు రికార్డ్ చేసింది. బొమ్మలో నీటికుక్కలు లేవు, ఖాళీ కాలువ. టపాకాయ ఆయాసాలేవీ కత్తిరించలేదు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను:

మా క్లాసుకి వచ్చిన అందరికీ. కోచ్, ఫస్ట్ లేన్, సెకండ్ లేన్ పోయాయి. ఎవరో విషం పెట్టారు. థర్డ్ లేన్ దొరకలేదు. రెండు వారాలుగా మీరు చూసినవి పాతవి. నా మీద ప్రేమతో మావాళ్ళు ఆడిన అబద్ధం అది. మీలో అడిగినాయన సరిగ్గానే అడిగాడు. ఈసారి ఎక్కడైనా ఇలాంటివి కనిపిస్తే కళ్ళారా చూసుకోండి, ఎక్కడో మాత్రం ఎవరికీ చెప్పకండి. క్లాసు అయిపోయింది. తలలు తుడుచుకుని ఇళ్ళకి వెళ్ళండి.

ఏప్రిల్ 13

ఫేక్ అన్నవాడు సారీ మేడమ్ అని రాశాడు. అక్కకి చదివి వినిపించాను. ఇది నిజమైనదేనా, నువ్వు అల్లిందా అంది.

ఏప్రిల్ 19

అక్క పోయింది. తెల్లవారుతుండగా. మెషిన్ ఆపింది నేనే. ఇంట్లో అంత నిశ్శబ్దం ఉంటుందని మర్చిపోయాను.

ఏప్రిల్ 27

పనిలోకి వెళ్ళాను. ఎనిమిదో అంతస్తులో లిఫ్ట్ తలుపు ఎవరూ లేకుండానే తెరుచుకుంటోందని కంప్లయింట్. సెన్సార్ మీద దుమ్ము. తుడిచాను. తుడిచాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎక్కేవాళ్ళు పాపం మెట్లు దిగి వెళ్ళారు.

టపాకాయ హాస్పిటల్ దగ్గర తన అద్దె గదికి వెళ్ళిపోతానంది. ఈ నెల ఉండు అన్నాను. సరే అంది. ఇద్దరం ఆ కిటికీ తలుపు తీయడం లేదు.

మే 3

కెమెరా తీసుకొచ్చేశాను. ఆ రోజు కొత్త కార్డు వేశాక మళ్ళీ తీసి చూడలేదు, ధైర్యం చాలక.

కార్డులో ఒక వీడియో ఉంది. ఏప్రిల్ 15, పొద్దున పదకొండు గంటలు. నేను పనిలో, టపాకాయ షిఫ్టులో ఉన్న వేళ. పంపు బాబాయ్, ఆయన భార్య ప్లాస్టిక్ కుర్చీలో అక్కని చుట్టుదారిన మోసుకొచ్చి నీళ్ళ అంచున దింపారు. ఒళ్ళో చిన్న సిలిండర్. నైటీ మోకాళ్ళ దాకా మడిచి ఉంది. కాళ్ళు రెండూ నీళ్ళలో. కాసేపు కదల్లేదు. తరువాత కుడి, ఎడమ, కుడి. నోరు కదులుతోంది, ఎవరికో ఏదో చెబుతోంది. పంపు మోతలో వినపడలేదు.

ఇరవై సెకన్లు.

టపాకాయకి రేపు చూపిస్తాను. ఇవాళ నేనొక్కడినే చూసుకుంటాను.